అరకు దారిలో డబ్బు ఎటు పోతోంది? పల్లె పర్యాటకంపై అపోహలు - వాస్తవాలు

ఏ ఊళ్లో పని మొదలుపెట్టినా నేను ముందుగా అడిగేది చేటెడు చింతగింజలు. నూరు గింజలు లెక్కపెట్టి అరుగు మధ్యలో కుప్ప పోస్తాం. ఒక పర్యాటకుడు మీ ఊరు చూడటానికి నూరు రూపాయలతో బయలుదేరాడనుకోండి, అవి ఎవరెవరి చేతికి వెళ్తున్నాయో గింజలు జరిపి చూపించండి అంటాను. మొదట నవ్వుతారు. తర్వాత వాదన మొదలవుతుంది. బస్సు నగరం వాళ్లది, కొన్ని గింజలు అటు. టిఫిను కూడా అక్కడే కట్టించుకుని వచ్చారు, ఇంకొన్ని అటు. గది యజమాని కొండ దిగువ పట్టణంలో ఉంటాడు. కోడి మైదానం నుంచి వచ్చిన ఫారం కోడి. నీళ్ల సీసా సంగతి సరే సరి. అరకు దగ్గరి ఒక గ్రామంలో ఈ లెక్క అయ్యాక, ఊరి వైపు మిగిలిన గింజలు తీసుకోవడానికి ఒక పెద్దావిడ దోసిలి పట్టింది. దోసిలి అక్కర్లేకపోయింది, గుప్పిట్లోనే సరిపోయాయి.

పదిహేనేళ్లుగా నా పని ఇదే: పర్యాటకం నడిచే ఊళ్లలో సంఘాలతో కూర్చోవడం, ఇళ్లలో అతిథి గదులు సిద్ధం చేయించడం, లెక్కలు రాయించడం. ప్రతి సమావేశంలోనూ కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. అధికారులూ అంటారు, పెట్టుబడి పెట్టేవాళ్లూ అంటారు, ఊరి యువకులూ అంటారు. పూర్తి అబద్ధాలైతే ఖండించడం సులువు. ఇవి సగం నిజాలు.

అపోహ: జనం ఎంత ఎక్కువ వస్తే ఊరికి అంత లాభం

అరకు విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్లు. అక్కడికి వెళ్లే రైలు మార్గం 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసింది. 2017 ఏప్రిల్‌లో ఆ దారిలో అద్దాల బోగీ వచ్చాక సొరంగాలు, లోయలు చూడటానికే రైలెక్కేవాళ్లు పెరిగారు. సంతోషమే. కానీ ఎక్కువమంది పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్తారు. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, దారిలో ఒక కప్పు కాఫీ. అన్నిటికీ తలా అరగంట.

అదే మనిషి ఒక్క రాత్రి ఆగితే ఖర్చు తీరే మారిపోతుంది. గది కావాలి, రాత్రి భోజనం కావాలి, మర్నాడు కాఫీ, రాగి అంబలి కావాలి. తెల్లవారి పొలాల గట్ల మీద నడిపించే కుర్రవాడు కావాలి. తీరిక ఉంటుంది కాబట్టి సంతకు వెళ్తాడు, రాజ్‌మా కొంటాడు, పసుపు కొంటాడు. అందుకే ఎంతమంది వచ్చారని నన్నెవరైనా అడిగితే, ఎన్ని రాత్రులు ఉన్నారని నేను అడుగుతాను. గేటు దగ్గర టిక్కెట్లు లెక్కపెట్టడం సులువు కాబట్టి నివేదికల్లో ఆ అంకే కనిపిస్తుంది. ఊరి ఆదాయానికి, ఆ అంకెకు సంబంధం చాలా తక్కువ.

రద్దీకి ఖర్చు కూడా ఉంది. డిసెంబరు ఆదివారాల్లో ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరినప్పుడు, ఆసుపత్రికి వెళ్లాల్సిన గర్భిణి వాహనమూ ఆ వరుసలోనే ఆగుతుంది. ఏ ఆదాయ లెక్కలోనూ దాన్ని రాసుకునే గడి లేదు.

అపోహ: పెద్ద రిసార్టు వస్తే స్థానికులకు ఉద్యోగాలొస్తాయి

వస్తాయి. తోటపని, ఊడ్చే పని, రాత్రి కాపలా. రిసెప్షన్, వంటగది, లెక్కలు బయటివాళ్ల చేతిలో ఉంటాయి. పదేళ్ల తర్వాత వెళ్లి చూసినా తోటమాలి తోటమాలిగానే ఉంటాడు. కాబట్టి ఉద్యోగాలెన్ని అన్న ప్రశ్నకు ముందు, ఆస్తి ఎవరిది అన్న ప్రశ్న వేసుకోవాలి.

ఏజెన్సీలో, అంటే గిరిజనుల రక్షణ కోసం షెడ్యూల్డ్ ప్రాంతంగా ప్రకటించిన కొండ ప్రాంతంలో, ఈ ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపుపై 1959లో వచ్చిన నిబంధనలను 1970లో సవరించారు. అందరి నోటా వినిపించే 1/70 (1970 నాటి ఒకటో నిబంధన) అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే అది చెల్లదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వం సైతం అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల మౌలిక అవసరాలకు కేటాయించాలనీ అంది. ఈ రోజు మనం టిక్కెట్టు కొని చూసే బొర్రా గుహలున్న అనంతగిరి మండలమే ఆ కేసుకు పుట్టినిల్లు. ఆ తీర్పు గనుల గురించే అయినా, కొండ మీద లాభం పుడితే కొండ మనిషికి వాటా ఉండాలన్న మాటను నేను పర్యాటకానికీ వర్తింపజేస్తాను.

చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. పత్రాల్లో గిరిజనుడి పేరు, పెట్టుబడి, లాభం మరొకరివి. తన పేరు మీదున్న గుడారాల ముందు తానే నెలజీతానికి కాపలా కాస్తున్న మనిషిని నేను చూశాను. అతని చేతిలో టార్చిలైటు తప్ప ఆ వ్యాపారానికి సంబంధించిన కాగితం ఒక్కటీ లేదు. ఒప్పందం ఎన్నేళ్లకో, ఎంతకో అతనికి తెలియదు. అందుకే ఏ కాగితం మీదైనా సంతకం చేసే ముందు గ్రామసభలో పెద్దగా చదివించండని ప్రతి ఊళ్లోనూ చెబుతాను. పెద్దగా చదివితే దాచడానికి వీలుకాని మాటలు చాలా బయటపడతాయి.

పెద్ద హోటళ్లు వద్దని నా వాదన కాదు. కేరళలో వెంబనాడ్ సరస్సు ఒడ్డున ఉన్న కుమరకోమ్‌లో 2008లో మొదలైన బాధ్యతాయుత పర్యాటకం చూడండి. హోటళ్లు అక్కడే ఉన్నాయి. వాటి వంటగదులకు కూరగాయలు, కొబ్బరికాయలు, చేపలు చుట్టుపక్కల నుంచే వెళ్లేలా పంచాయతీ, కుటుంబశ్రీ మహిళా సంఘాలు, హోటళ్లు కలిసి ఏర్పాటు చేసుకున్నాయి. చెప్పినంత తేలిక కాదు. హోటలుకు రోజూ ఒకే నాణ్యత, ఒకే తూకం కావాలి, పెరటి పంట అలా రాదు. ఎవరు ఎప్పుడు ఏం పండించాలి, ధర ఎవరు నిర్ణయించాలి అన్నది కూర్చుని తేల్చుకున్నాకే బండి కదిలింది. మన దగ్గర ఈ కూర్చోవడమే జరగడం లేదు.

అపోహ: చూసి వెళ్తే ఎవరికీ పోయేదేమీ లేదు

ఇది మంచివాళ్లు కూడా నమ్మే మాట, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

భూదాన్ పోచంపల్లిలో ఒక మగ్గం పక్కన సగం పూట కూర్చున్నాను. అక్కడి పనితనమంతా నేతకు ముందే నూలు మీద రంగు నిలపడంలో ఉంది. రంగు పట్టకూడని చోట పోగులను రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. అలా రంగు వేసిన పేక పోగు (అడ్డంగా నేసే నూలు) మగ్గం మీదికి వచ్చాక, వేసిన ప్రతిసారీ దాని రంగు అంచు కింది పోగు రంగుతో కలిసిందో లేదో చూసుకుని, వేలితో రవ్వంత లాగి సరిచేయాలి. ఒక్క పోగు జారినా బొమ్మ అంచు చెదురుతుంది.

నేను కూర్చున్న ఆ కాసేపట్లో మూడు బృందాలు వచ్చాయి. ప్రతి బృందానికీ నేతకారుడు పని ఆపి, లేచి నిలబడి, ఆసు అంటే ఏమిటో, పడుగు ఏదో, పేక ఏదో విసుగు లేకుండా చెప్పాడు. పిల్లలను మగ్గం మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఒకరిద్దరు ధర అడిగి, ఫోనులో అచ్చు డిజైను చీర ధరతో పోల్చి చూసి వెళ్లిపోయారు. అతనికి కూలి చీర లెక్కన వస్తుంది. ఆగిన గంటలకు ఎవరూ ఇవ్వరు. అతని భార్య లోపలి నుంచి మెల్లగా అంది: “పొద్దుటి నుంచి నేత జానెడు కూడా నడవలేదయ్యా.”

ఈ ఊరికే 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు వచ్చింది. ఆ గౌరవానికి కారణం ఆ మగ్గమే అయినప్పుడు, మగ్గం ఆగిన గంటకు వెల కట్టడం మన బాధ్యత. నేను పనిచేసే చోట్ల చూపించే పనికి రుసుము పెట్టిస్తాను. ఇంతమందికి, ఇంతసేపు, ఇంత అని బోర్డు మీద రాయిస్తాను. మొదట కళాకారులే మొహమాటపడతారు, ఇంటికొచ్చినవాళ్ల దగ్గర డబ్బులేమిటని. చదువు చెప్పే మాస్టారికి జీతం ఉన్నట్టే ఇదీ అని నచ్చజెప్పాలి.

అరకు రైతులు ఈ పాఠం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. చలికాలం మొదట్లో వలిసె పూలు పసుపు పరిచినట్టు పూస్తాయి. ఫొటోల కోసం జనం చేలోకి దిగి, మొక్కలు తొక్కి, నడుమ దారులు చేసేవారు. వలిసె నూనెగింజ పంట. పడిపోయిన మొక్క గింజ కట్టదు. ఇప్పుడు చాలామంది రైతులు చేను చుట్టూ తాడు కట్టి, మనిషికి ఇంత అని తీసుకుని, గట్టు మీద నిలబడే చోటు చూపిస్తున్నారు. పువ్వుకు డబ్బులా అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. నాకైతే ఆ తాడును చూస్తే గౌరవం కలుగుతుంది.

అపోహ: కట్టడాలు కడితే పర్యాటకం వచ్చినట్టే

వ్యూ పాయింటు, ఆర్చి, సెల్ఫీ బోర్డు ప్రారంభోత్సవానికి పనికొస్తాయి. నేను పనిచేసిన ఒక జలపాతం దగ్గర మంచి టైల్స్‌తో మరుగుదొడ్లు కట్టారు. నీటి పైపు వేయలేదు, శుభ్రం చేసే మనిషికి జీతం పద్దు లేదు. మూడు నెలలకు తాళం పడింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కట్టడానికి డబ్బుంది, కడగడానికి లేదు. ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు ఉన్న కుటుంబం మరుగుదొడ్డి లేని చోట గంటకు మించి ఆగదు, రాత్రి ఉండే మాట అసలే రాదు. చివరికి ఒక మహిళా సంఘానికి వాహనాల పార్కింగ్ రుసుము అప్పగించి, అందులోంచే శుభ్రత ఖర్చు పెట్టుకునేలా చేశాక తలుపులు తెరుచుకున్నాయి.

అపోహ: పర్యాటకం పొగ లేని పరిశ్రమ

పొగ గొట్టం లేకపోవచ్చు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూసి దిగేటప్పుడు కాళ్ల దగ్గర కూడా చూడండి: చిప్స్ పొట్లాలు, పేపరు కప్పులు, సీసాలు. అవి కొండెక్కింది మన సంచుల్లో, దించాల్సిన భారం మాత్రం ఊరి మీద.

కంటికి కనిపించనివీ ఉన్నాయి. బొర్రా లాంటి సున్నపురాతి గుహల్లో ఆకారాలు నీటి చుక్క చుక్కతో వేల ఏళ్లకు కట్టుకుంటాయి. చీకటి గుహలో దీపాలు పెడితే ఆ వెలుతురుకు రాతి మీద నాచు పడుతుంది, తాకిన చేతుల జిడ్డుకు రాయి నల్లబడుతుంది. ఏ దీపం ఎంతసేపు వెలగాలన్నది గుహ ఆయుష్షుకు సంబంధించిన నిర్ణయం.

బొంగు చికెన్ సంగతి చెప్పకుండా అరకు గురించి మాట్లాడలేను. పచ్చి వెదురును కణుపు దగ్గర నరికి, మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని అడ్డాకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు, వెదురు తడే మాంసాన్ని ఉడికిస్తుంది. ఈ బండ్ల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి, అది మంచి ఆదాయం. అయితే ఒక బొంగు ఒక్కసారికే పనికొస్తుంది. రోడ్డు దగ్గరి పొదలు పలచబడ్డాయని, ఇప్పుడు ఇంకా లోపలికి వెళ్లాల్సి వస్తోందని బొంగులు తెచ్చే కుర్రాళ్లే చెబుతున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాన్ని సేకరించుకునే హక్కును గిరిజనులకు ఇచ్చింది. ఆ హక్కును ఆధారం చేసుకుని బండ్లవాళ్ల సంఘమే వెదురు నాటే పని చేపట్టాలని నేను పట్టుబడుతున్నాను. రెండు ఊళ్లు ఒప్పుకున్నాయి.

అపోహ: పర్యాటకం పుంజుకుంటే ఇక వ్యవసాయంతో పనిలేదు

ఈ మాట అన్నవాళ్లను నేను పాపికొండల వైపు చూడమంటాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత విహార పడవలు చాలా కాలం ఆగిపోయాయి, ఆ మరుసటి ఏడాదే కరోనా వచ్చింది. ఒడ్డున వెదురు బొమ్మలు అమ్మేవాళ్లకు, వంటవాళ్లకు, గుడిసెలు అద్దెకిచ్చేవాళ్లకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. చేలో పంట ఉన్నవాళ్లు ఎలాగో గట్టెక్కారు. ప్రాణరక్షణ చొక్కాల గురించి, పడవ ఎక్కే మనుషుల లెక్క గురించి నేను కఠినంగా మాట్లాడితే వ్యాపారానికి అడ్డం పడుతున్నానని కొందరికి కోపం. ఒక్క ప్రమాదం నది పొడవునా ఎన్ని పొయ్యిలు ఆర్పుతుందో చూసినవాణ్ని, ఊరుకోలేను.

అరకులో చిక్కు ఇంకోలా ఉంది. పర్యాటకులు విరగబడి వచ్చే డిసెంబరు, జనవరి నెలల్లోనే కాఫీ కోత. పండ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు, కాబట్టి ఒకే మొక్క దగ్గరికి మూడు నాలుగు విడతలు వెళ్లాలి. పచ్చికాయ కోస్తే రుచి పోతుంది, మరీ పండితే రాలిపోతుంది, కోసిన పండును ఎక్కువసేపు నిల్వ ఉంచకుండా పై తొక్క తీయాలి. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందంటే ఈ శ్రద్ధ వల్లే. అదే వారంలో గదులూ నిండితే ఇంటి ఆడవాళ్లు పొద్దున అతిథులకు వండి, మధ్యాహ్నం కోతకు పరుగెత్తి, రాత్రి మళ్లీ వంట. ఒక శీతాకాలం అలా గడిచాక ఒకావిడ నాతో నేరుగా చెప్పింది: “గది డబ్బు బాగుంది సారూ, కానీ చెట్టు మీదే పండు ఎండిపోయింది.”

ఆ తర్వాత ఆ ఊళ్లో ఆరు ఇళ్లవాళ్లూ కలిసి గోడకు ఒకే క్యాలెండరు తగిలించారు. కోత రోజులకు ఎర్ర చుక్క, అతిథులకు నీలం చుక్క. ఎర్ర చుక్క పడిన ఇంటికి ఆ వారం అతిథులను పంపరు, పక్క ఇంటికి పంపుతారు, గది అద్దెలో కొంత సంఘం పెట్టెలో వేసి నెలాఖరుకు పంచుకుంటారు. కోత చూస్తామన్న అతిథులను బుట్ట ఇచ్చి తోటకు తీసుకెళ్తారు, దానికి వేరే రుసుము. మొన్న వెళ్లినప్పుడు ఆ క్యాలెండరు మీద మూడో రంగు చుక్కలు కనిపించాయి. అవేమిటని అడిగితే, పిల్లల పరీక్షలు, ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ గది ఇవ్వం అన్నారు.