అరికాలో వాన ఎందుకు పడదు?

కళింగపట్నం దగ్గరి ఒక హైస్కూల్లో పిల్లలతో గ్లోబు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. శ్రీకాకుళం భూమధ్యరేఖకు ఉత్తరాన 18 డిగ్రీల పైచిలుకు దూరంలో ఉంది. దక్షిణాన దాదాపు అంతే దూరంలో, చిలీ దేశపు తీరాన అరికా అనే ఊరుంది. ఆ అమ్మాయి రెండు చోట్లా రెండు వేళ్ళు ఆనించి, "మాస్టారూ, మనకూ సముద్రమే, వాళ్ళకూ సముద్రమే. మరి అక్కడ ఎడారి ఎందుకైంది?" అంది. ఇంత మంచి ప్రశ్న విని చాలా కాలమైంది.

1903 అక్టోబరు నుంచి 1918 జనవరి వరకు, 173 నెలల పాటు, అరికాలో వానే కురవలేదు. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో అంతటి సుదీర్ఘమైన అనావృష్టి మరొకటి లేదు. శ్రీకాకుళంలోనో, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన మామూలే.

ఎడారి అనగానే మండే ఎండ, ఇసుక, ఒంటె అని పిల్లల చేత వల్లె వేయించడం మన బోధనలో పాత లోపం. అరికాలో నడివేసవిలోనూ 30 డిగ్రీలు దాటడం అరుదు. చూడవలసింది వేడిని కాదు, గాలి పైకెక్కుతోందా, కిందికి దిగుతోందా అన్నది.

సైకిల్ షాపులో టైరుకు గాలి కొట్టాక పంపు అడుగుభాగం పట్టుకుని చూడండి, చేతికి చురుక్కుమంటుంది. నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది. పైనుంచి దిగే గాలికీ ఇదే జరుగుతుంది, దిగిన కొద్దీ దాని మీద ఒత్తిడి పెరుగుతుంది గనుక. కిలోమీటరు దిగితే దాదాపు 9.8 డిగ్రీలు పెరుగుతాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. మూడు కిలోమీటర్ల ఎత్తున, సున్నా డిగ్రీల దగ్గర, ఇక పట్టనంతగా నీటి ఆవిరి నిండిన గాలి ఉందనుకోండి. ఘనమీటరుకు 4.8 గ్రాముల ఆవిరి. ఇంకాస్త చల్లబడితే మబ్బు కట్టేస్తుంది. అదే గాలి నేలకు దిగితే 29 డిగ్రీలకు చేరుతుంది. నలిగి దగ్గరపడింది కాబట్టి ఘనమీటరుకు ఆవిరి ఆరు గ్రాములవుతుంది. కానీ 29 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలిలో దాదాపు 29 గ్రాముల ఆవిరి పడుతుంది! ఒక్క చుక్క కోల్పోకుండానే, నిండుకుండలాంటి గాలి ఐదో వంతు మాత్రమే నిండిన కుండ అయింది. అది వాన ఇవ్వదు సరికదా, నేలలోని తడిని కూడా లాగేస్తుంది.

భూమధ్యరేఖ దగ్గర పైకి లేచి, వానలు కురిపించి, పొడిబారిన గాలి ధ్రువాల వైపు సాగి 20, 30 డిగ్రీల అక్షాంశాల మీద ఇలా దిగుతుంది. సహారా, అరేబియా, కలహారి ఎడారులు ఆ దిగుడు కిందే ఉన్నాయి. అరికాకు ఇది చాలదన్నట్టు ముందు హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం ఉంది, వెనుక అమెజాన్ తేమను అడ్డుకునే ఆండీస్ కొండలున్నాయి. కింద చల్లని గాలి, దాని మీద దిగివచ్చిన వెచ్చని గాలి మూతలా కూర్చుంటే, కిందిది పైకి లేచేదెలా?

చలికాలంలో మనమూ అలాంటి దిగుడు గాలి కిందే ఉంటాం. అందుకే జనవరి ఆకాశం అంత నిర్మలంగా ఉంటుంది. జూన్ వచ్చేసరికి భూభాగం కాగి, గాలి పైకి లేచే పట్టీ ఉత్తరానికి జరుగుతుంది, వెచ్చని బంగాళాఖాతం తేమనిస్తుంది. ఈ మధ్యలో, మే నెలలో, పడమటి గాలి వీస్తుంది. మధ్య భారతం మీద కాగిన గాలి తూర్పు కనుమలు దిగుతూ ఇంకొంత వేడెక్కుతుంది. విజయనగరంలో ఆ రోజుల్లో ఆరేసిన పంచె గంటలోపే పెళపెళలాడుతుంది.

వానలు ఆలస్యమైతే కప్పలకు పెళ్ళి చేసే ఊళ్ళున్నాయి. ఎండిపోతున్న నారుమడి ముందు నిలబడ్డ రైతు ఆవేదన నాకు తెలుసు. అయినా కప్పకూ గాలి కదలికకూ సంబంధం లేదన్న మాట పిల్లలకు బడిలోనే చెప్పాలి.

"మరి వాళ్ళకు నీళ్ళు?" అని అడిగింది ఆ అమ్మాయి. ఆ తీరంలో కొన్ని ఊళ్ళకు ఆండీస్ నుంచి వచ్చే నదులూ భూగర్భజలాలే ఆధారం. కొన్ని చోట్ల మాత్రం పొగమంచునే పట్టుకుంటారు. దాని పేరు కమంచాక. చలికాలం తెల్లవారుజామున మన ఒడ్డున ఆరేసిన చేపల వల మీద పోగు పోగుకూ మంచుబొట్లు వేలాడుతుంటాయి కదా! అరికా ఉన్న ఆ అటకామా ఎడారి కొండగట్ల మీద అలాంటి సన్నటి వలలు నిలువునా కట్టి, కింద కాలువలాంటి గొట్టం పెట్టి, జారిన బొట్లను తొట్టిలోకి మళ్ళిస్తారు.