నంబరు వేసిన పెట్టె: జాజ్ బాక్స్ సెట్లకు ఆ ధర ఎలా వచ్చింది

అమెరికా జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ 1947 నుంచి 1952 దాకా బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీకి వాయించిన పియానో, ఇవాళ విజయనగరంలో ఫోను ముందు కూర్చుని వెతికితే మూడు వేషాల్లో కనిపిస్తుంది. యూరప్‌లో తయారైన చవక సీడీల సెట్టు ఒకటి. బ్లూ నోట్ వాళ్లే మళ్లీ వేసిన సీడీలు రెండోది. మూడోది అమెరికాలోని మొజాయిక్ రికార్డ్స్ 1983లో వేసిన నాలుగు ఎల్పీ రికార్డుల పెట్టె. దానికి అడిగే ధర మొదటిదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వాయించిన చేతులు అవే, పాటలూ అవే. తేడా అంతా ఆ శబ్దం ఏ టేపు నుంచి వచ్చింది, ఎన్ని ప్రతులకు అనుమతి దొరికింది అన్న దగ్గరుంది. ఈ చరిత్ర తెలియకపోతే చవకదాన్ని అసలుదనుకుని కొంటాం, లేదా అసలుదాన్ని చూసి మోసమనుకుని వదిలేస్తాం.

పెట్టె కథ లక్కతో మొదలవుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు షెలాక్‌తో చేసేవారు. షెలాక్ అంటే లక్కపురుగు స్రవించే బంకను శుద్ధి చేసినదే, దాన్ని ప్రపంచానికి ప్రధానంగా సరఫరా చేసింది మన దేశమే. పది అంగుళాల ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాలు పడుతుంది. అంతకంటే పొడుగు సంగీతం కావాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని కాగితపు సంచుల్లో పెట్టి, ఫొటో ఆల్బంలాగా అట్టతో బైండు చేసి అమ్మేవారు. రికార్డుకి ‘ఆల్బం’ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. 1942లో యుద్ధ అవసరాల పేరుతో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి వాడే లక్కను బాగా కోసేసింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి అక్కడి సంగీతకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. అప్పుడే పుట్టుకొస్తున్న బీబాప్ అనే కొత్త జాజ్ శైలి తొలి అడుగులు ప్లేట్ల మీద అంత తక్కువగా దొరకడానికి ఇదీ ఒక కారణం. ‘సంపూర్ణం’ అని రాసి ఉన్న పెట్టెల్లో కూడా 1942, 43 దగ్గర ఖాళీ కనిపిస్తే తయారుచేసినవాళ్ల తప్పు కాదు.

1948 జూన్‌లో కొలంబియా కంపెనీ 33⅓ చుట్ల ఎల్పీ తెచ్చింది. ఒక వైపే ఇరవై నిమిషాలు దాటి పట్టేసరికి ప్లేట్ల ఆల్బం అవసరం తీరిపోయింది. సరిగ్గా ఆ సంధికాలంలో, 1949లో, జాజ్ కచేరీల నిర్వాహకుడు నార్మన్ గ్రాంజ్ ‘ది జాజ్ సీన్’ అని పన్నెండు అంగుళాల 78 ప్లేట్లు ఆరింటిని పెద్ద ఫొటోలతో కలిపి 25 డాలర్లకు అమ్మాడు. చేసినవి 5,000 ప్రతులు, ప్రతి దానికీ నంబరు వేశాడు. జాజ్ రికార్డు నంబరుతో, పరిమితితో, చూసుకుని మురిసిపోయే వస్తువుగా మారడం స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

అయితే ఇవాళ మనం బాక్స్ సెట్టు అనే మాటకి అర్థం ఇచ్చినవాళ్లు మైకేల్ కస్కూనా, చార్లీ లూరీ. 1975లో కస్కూనాకి బ్లూ నోట్ టేపుల గదిలోకి వెళ్లే అవకాశం దొరికింది. విడుదల కాని రికార్డింగ్ సెషన్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కంపెనీ స్థాపకుడు ఆల్ఫ్రెడ్ లయన్ రాసుకున్న వివరాలు తోడయ్యాక ఏ టేపు ఏ రోజుది, ఎవరు వాయించారు అన్నది తేలుతూ వచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్‌లో మొజాయిక్ పెట్టారు. మొదటి సెట్టు మంక్‌దే, కేటలాగు నంబరు ఎంఆర్4-101. ఎంఆర్ అంటే ఎల్పీలు, పక్కనున్న 4 పెట్టెలోని రికార్డుల సంఖ్య. సీడీలకైతే ఎండీ అని ఉంటుంది. అమ్మేవాడు ‘సంపూర్ణం’ అన్నా, ఆ అంకెతో డిస్కుల లెక్క సరిపోకపోతే పెట్టెలో ఏదో లేదని అర్థం. మంక్ సెట్టు వెంట జెర్రీ మల్లిగన్ పెట్టె, ఆల్బర్ట్ ఆమన్స్ – మీడ్ లక్స్ లూయిస్ పెట్టె వచ్చాయి.

వాళ్ల పద్ధతి ఇది. టేపుల హక్కులున్న పెద్ద కంపెనీ దగ్గర కొంతకాలానికి, ఇన్ని ప్రతులకు అని లైసెన్సు తీసుకోవడం, మంక్ సెట్టుకైతే 7,500. ప్రతి పెట్టె మీదా నంబరు వేయడం. దుకాణాలకు ఇవ్వకుండా పోస్టులోనే అమ్మడం. లైసెన్సు తీరితే మళ్లీ వేయకపోవడం. ధర పెరగడానికి మూలం ఈ చివరిదే. నంబరు 12 అయినా 7,012 అయినా శబ్దం ఒకటే, చిన్న నంబరని ఎక్కువ అడిగేవాళ్లకు ఇవ్వనక్కర్లేదు. ఆ డబ్బు పుస్తకం బాగున్న ప్రతికి పెట్టడం మేలు. ఎల్పీ సైజు పుస్తకంలో సెషన్ల తేదీలు, వాద్యకారుల పేర్లు, బ్లూ నోట్ సెట్లయితే ఆ కంపెనీ భాగస్వామి ఫ్రాన్సిస్ వోల్ఫ్ తీసిన ఫొటోలు ఉంటాయి. ఆ పుస్తకం లేని మొజాయిక్ పెట్టె సగం పెట్టె.

మెచ్చుకోలు మధ్యలో ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. తేదీల వరుస పాటించాలన్న పట్టుదలతో చాలా పెట్టెల్లో ఒకే పాట రెండు మూడు టేకులు వెనకవెనకే వస్తాయి. పరిశోధనకి అది వరం, రాత్రి భోజనం తర్వాత కూర్చుని వినడానికి పరీక్ష. తర్వాతి కాలంలో సెట్లు వేసినవాళ్లలో చాలామంది ఇతర టేకుల్ని డిస్కు చివరికి నెట్టారు. వినడమే ప్రధానమైతే కొనేముందు పాటల వరుస చూడండి.

సీడీ 1982లో వచ్చింది. 1990లలో పెద్ద కంపెనీలన్నీ పెట్టెల మీద పడ్డాయి. 2009లో కొలంబియా నుంచి వచ్చిన మైల్స్ డేవిస్ సెట్టులో డెబ్బై సీడీలు, ఒక డీవీడీ. ఈ కాలపు సరుకులో మూడు లోపాలు వెతకాలి. రెండు సీడీల లావు కేసుల్లో పెట్టిన స్పాంజి ముక్క కాలం గడిచాక జిగురై డిస్కుకి అంటుకుంటుంది. కొన్న రోజే తీసి పారేయాలి. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ పీడీఓ ఫ్యాక్టరీలో 1988–93 మధ్య చేసిన కొన్ని డిస్కులు అంచు నుంచి రాగిరంగుకి తిరుగుతాయి. పూత సరిగా లేక, కాగితంలోని గంధకం వెండి పొరని తినేయడం దీనికి కారణం. లోపలి వలయం మీద ‘మేడ్ ఇన్ యూకే బై పీడీఓ’ అని ఉంటే వెండి వైపు ఫొటో అడగండి. మూడోది అట్ట కవర్ల బాధ. బిగుతుగా ఉన్న అట్టలోంచి లాగినప్పుడల్లా గీతలు పడతాయి, కొన్నింట్లో అతుకు జిగురు డిస్కు మీదికి పాకుతుంది. పల్చని ప్లాస్టిక్ సంచిలో వేసి అట్టలో పెడితే రెండూ తప్పుతాయి.

ఇక చవక సెట్ల సంగతి. యూరప్‌లో శబ్ద ముద్రణ హక్కు యాభై ఏళ్లుండేది. దాన్ని డెబ్బైకి పెంచిన నియమం 2013 నవంబరులో అమల్లోకి వచ్చింది. కానీ అప్పటికే గడువు తీరిన 1962, అంతకు ముందు రికార్డులకి అది వర్తించలేదు. జాజ్‌లో జనం ఎక్కువగా వెతికేది సరిగ్గా 1950లు. అందుకే ఎనిమిది ఆల్బంలు నాలుగు సీడీల్లో కుక్కి అమ్మడం అక్కడ చట్టబద్ధమే. అసలు టేపు మాత్రం హక్కుదారు బీరువాలోనే ఉంటుంది కాబట్టి వీళ్లు ఎల్పీ నుంచో, ఎవరో వేసిన సీడీ నుంచో ఎత్తుకోవాలి. కొందరు శ్రద్ధగా చేస్తారు. మరికొందరు చిటపటలు పోవాలని పై స్థాయి శబ్దమంతా కోసేస్తారు, తాళాల మెరుపు పోయి డ్రమ్ములు దుప్పటి కింద మోగినట్టుంటాయి. రీమాస్టరింగ్ (పాత శబ్దాన్ని మళ్లీ సరిదిద్దడం) చేసినవాళ్ల పేరు గానీ, ఏ మూలం నుంచి తీశారన్న మాట గానీ లేని సెట్టుని పరిచయం కోసం కొనొచ్చు, దాచుకోవడానికి కాదు.

ఆన్‌లైన్ అమ్మకాలతో ఈ వస్తువులు మన గుమ్మం దాకా వచ్చాయి. 1995లో ఈబే వచ్చింది. 2000లో రికార్డుల వివరాల సైటుగా మొదలైన డిస్కాగ్స్, తర్వాత అమ్మకాలూ చేర్చుకుంది. అంతకు ముందు ఉత్తరాంధ్రవాడికి జాజ్ రికార్డంటే హౌరా మెయిలెక్కి కలకత్తా వెళ్లి ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల దుకాణాల్లో వెతకడమే. అమెరికా పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ బ్యాండు నడిపి, 1945లో కన్నుమూసిన ఊరది. ఆ దారి ఇప్పటికీ పనికొస్తుంది. పెట్టెని చేతులతో తెరిచి చూసుకుని, ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవచ్చు.

డిస్కాగ్స్‌లో గ్రేడు రెండు ఉంటుంది, ఒకటి డిస్కుకి, ఒకటి అట్టకి. వీజీ (వెరీ గుడ్) ప్లస్ అంటే చిన్న గీతలున్నా వినడానికి అడ్డు రావని. ఒట్టి వీజీ అంటే చిటపటలు వినిపిస్తాయని. బాక్స్ సెట్టుకి ఒకే గ్రేడు రాస్తే అది ఏ డిస్కుదో అడగాలి. పది ఎల్పీల్లో మొదటి రెండే జనం అరగదీసి ఉంటారు. పెట్టె నాలుగు మూలలు, వెన్ను, పుస్తకం అట్టలు, ప్రతి డిస్కూ దీపం కింద, ఎడిషన్ నంబరు: ఇన్ని ఫొటోలు పంపని అమ్మకందారుని వదిలేయండి. సీడీల అడుగు ఆకుపచ్చ, నీలం రంగులో మెరిస్తే అవి ఇంట్లో రాసినవి, ఫ్యాక్టరీ డిస్కులు వెండిలా ఉంటాయి.

ఖర్చు లెక్క తప్పేది రవాణాలో. కొరియర్లు బరువుతో పాటు పరిమాణాన్నీ లెక్కేస్తాయి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. ముప్పై రెండు సెంటీమీటర్ల చదరం, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న పెట్టెకి అన్ని వైపులా ఐదేసి సెంటీమీటర్ల మెత్త పెడితే 42, 42, 13 అవుతుంది. రెండు కిలోల సరుకుకి నాలుగున్నర కిలోలకు పైనే ఛార్జీ. పోస్టులో సాధారణంగా అసలు బరువే చూస్తారు, ఆలస్యమైనా ఎల్పీ పెట్టెలకి అదే నయం. మెత్త తగ్గించమని మాత్రం అడగొద్దు, మూలలు పగిలేది అందుకే. ఎల్పీలను లోపలి కవర్లతో సహా అట్టల్లోంచి బయటికి తీసి వెనక పెట్టమనండి. లేకపోతే దారిలో ఒక్క కుదుపుకి డిస్కు అంచు అట్ట అతుకుని కోసేస్తుంది.

కస్టమ్స్ సుంకం సరుకు ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. ‘గిఫ్టు అని రాసి పంపుతాను’ అనే అమ్మకందారుకి వద్దని చెప్పండి. 2019 డిసెంబరు నుంచి ప్రాణరక్షక మందులు, రాఖీలు తప్ప సుంకం లేని గిఫ్టు దారి మూసేశారు. ధర తగ్గించి రాయించుకుంటే, పార్శిల్ పోయినప్పుడు పరిహారం కూడా ఆ తగ్గించిన అంకెకే. కార్డులో అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపు ముందే ఆన్ చేసుకోవాలి, రూపాయల్లో కట్టమంటే కాదని డాలర్లలోనే కట్టాలి. చిరునామాలో ఇంటి నంబరు మొదటి వరుసలో రాయండి. ‘మూడు లాంతర్ల దగ్గర’ అని మొదలుపెడితే విదేశీ లేబుల్ మీద అక్షరాల పరిమితి దాటి అసలు నంబరు తెగిపోతుంది. వచ్చిన పార్శిల్‌ని లేబుల్ దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీస్తూ తెరవండి.

మన తీరంలో అసలు శత్రువు చెమ్మ. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. బూజు మొదట పుస్తకానికి, తర్వాత లోపలి కాగితానికి పడుతుంది. పెట్టెలు నిలువుగానే ఉంచాలి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగుది వంగుతుంది. గోడకి నాలుగు వేళ్లు ఎడం, రంగు మారే సిలికా జెల్ సంచులు, నెలకోసారి వాటిని ఎండబెట్టడం. పీవీసీ కవర్లు మన వేడికి రికార్డు మీద తెల్లటి మసక తెస్తాయి, పాలిథీన్‌వి వాడండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. దసరాలోపు కింది అరలు ఖాళీ చేసి సరుకు పైకెక్కించడం మంచి అలవాటు.

మొజాయిక్ చేసిన పనిని చూసినప్పుడు విజయనగరం వాళ్లకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గుర్తుకు రాక మానరు. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయినవారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం శబ్ద ముద్రణ హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు. అంటే ఆయన జీవించి ఉండగా, 1964 దాకా, వచ్చిన ప్లేట్ల హక్కు గడువు తీరిపోయింది. చట్టం అడ్డు కాదు, కావలసింది కస్కూనా చేసిన చాకిరీయే: ప్రతి ప్లేటు మీద చెక్కిన మాట్రిక్స్ నంబరు (ఏ రికార్డింగో చెప్పే గుర్తు) రాసుకోవడం, ఒకే ప్లేటు మూడు నాలుగు ప్రతులు పోల్చి శుభ్రమైన వైపు ఎంచడం, పక్క వాద్యాల వాళ్ల పేర్లు తేల్చడం. ఇంట్లో అలాంటి ప్లేట్లున్నవాళ్లు పాత గ్రామఫోను మీద ఉక్కు ముల్లుతో తిప్పవద్దు, ఎల్పీ సూదీ పెట్టవద్దు. 78 గాడికి మూడు మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది కావాలి, మామూలు ఎల్పీ సూది దాంట్లో దాదాపు నాలుగో వంతే. తుడిచేటప్పుడు స్పిరిట్ తగలనివ్వకండి, ఎల్పీకి పనికొచ్చే ఆల్కహాలు లక్కని కరిగించేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి గుడ్డ, గాడి వెంటే తుడవడం, లేబుల్ తడవకుండా నీడలో ఆరబెట్టడం.