జైలు నుంచి వచ్చినవాడూ మన గుడి గడపా: అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో ప్రొబేషన్ (నేరం చేసినవాళ్లు మళ్లీ దారిలో పడేలా చూసే) పని మీద గుడి, మసీదు, చర్చి అన్నింటి గడపా తొక్కాను. దేవుళ్లు వేరైనా పెద్దల అనుమానాలు ఒకటే.

అపోహ: జైలుకెళ్లొచ్చినవాణ్ణి గుళ్లోకి రానివ్వకూడదు.
వాస్తవం: అలాంటి చట్టమేదీ లేదు. 1987 దేవాదాయ చట్టం నైతిక పతనం కిందికొచ్చే నేరంలో శిక్ష పడినవారిని ధర్మకర్తగా వద్దంటుంది. దర్శనానికి అది అడ్డు కాదు. "సరే సారూ, రమ్మంటాం. హుండీ తాళాలు యాడ పెట్టాల?" అని ఓ కమిటీ పెద్దాయన అడిగాడు. ఇన్నాళ్లూ పెట్టినచోటే పెట్టండి అన్నా.

అపోహ: కొన్ని కులాలకు దొంగతనం పుట్టుకతోనే వస్తుంది.
వాస్తవం: ఈ మాటను ఒకప్పుడు చట్టంగానే రాసుకున్నారు. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు వైపుకీ తెచ్చారు. కావలిలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో, అంటే నిఘా ఉండే కాలనీలో పెడితే, దాన్ని నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. చదువు చెప్పారు, పని నేర్పారు, కాదనను. కానీ ప్రార్థన చేయించినవాళ్లే హాజరూ వేశారు. ఏ తప్పూ చేయనివాడికీ పొలిమేర దాటాలంటే అనుమతి కావాల్సిందే. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఊళ్లో బిందె పోతే ఇప్పటికీ ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో మీకూ తెలుసు.

అపోహ: మాల వేశాడు, లేదా బాప్తిస్మం తీసుకున్నాడు, ఇక మారినట్టే.
వాస్తవం: మారి ఉండొచ్చు. చెముడుగుంట సెంట్రల్ జైలు గేటు దాటిన మొదటి నెలల్లో కాలు జారేది భక్తి చాలక కాదు, అద్దెకు ఇల్లూ చేసుకోను పనీ దొరక్క. ఒకతన్ని వారం వారం చర్చి వేదికెక్కించి తన పాత జీవితం గురించి సాక్ష్యం చెప్పించారు. ఆరు నెలలకు చర్చి మానేశాడు. "నేను మరిచిపోదామనుకునేదే వాళ్లకు కావాల సార్" అన్నాడు. ఇంకోటి: పిల్లల మీద నేరం చేసినవాణ్ణి, ఎంత ఏడ్చి మొక్కినా, సండే స్కూలుకో మదరసాకో పెట్టొద్దు. క్షమాపణకీ దానికీ ముడి లేదు.

అపోహ: కోర్టు తప్పు తేల్చిందంటే జీవితాంతం మచ్చే.
వాస్తవం: 1958 ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన మీద వదిలితే, ఆ తీర్పు వల్ల వచ్చే అనర్హత 12వ సెక్షన్‌తో పోతుంది. ఈ సంగతి చాలామంది వకీళ్లు కూడా కక్షిదారుకు చెప్పరు.

మొన్న రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో మావాడొకడు ఉద్యోగ రొట్టె (కోరిక తీరినవాళ్లు ఇస్తే, అదే కోరికున్నవాళ్లు అందుకునేది) పట్టుకున్నాడు. ఇచ్చినాయన కేసు సంగతేం అడగలేదు. పని ఇంకా దొరకలేదు. వెల్డింగు షాపులో మాట్లాడతానని మసీదు పెద్దొకాయన అన్నాడు, సోమవారం ఇద్దరం పోవాల.