మా ఓడ చప్పుడు ఎవరికి వినిపించింది?

పిల్లలూ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు కాలవలో ఒక ఆట ఆడారు, గుర్తుందా? ఒకడు ఈ ఒడ్డున నీళ్లలో మునిగి రెండు రాళ్లు టక్కుటక్కుమని కొట్టాడు. అల్లంత దూరాన మునిగి ఉన్నవాళ్లకు అది చెవి పక్కనే కొట్టినట్టు వినపడింది. గట్టు మీదున్న నాకు మాత్రం ఏమీ వినపడలేదు. ఆ ఆట చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు. పైగా నీళ్లలో అది అంత తొందరగా అరిగిపోదు. వెలుతురు అలా కాదు, కొంత లోతుకు వెళ్లేసరికే ఆగిపోతుంది. అందుకే సముద్రంలో చాలా జీవులకు చెవులే కళ్లు. భూమి ఉత్తర కొసన ఉండే ఆర్కిటిక్‌లో అయితే మరీను. చలికాలంలో అక్కడ వారాల తరబడి, కొన్నిచోట్ల నెలల తరబడి సూర్యుడు కనపడడు. పైన మంచు, కింద కటిక చీకటి. మగవాటికి బల్లెంలాంటి పొడవాటి దంతం ఉండే నార్వాల్ అనే తిమింగలం ఆ చీకట్లో కిలోమీటరున్నర లోతుకు కూడా దిగి చేపలు పట్టుకుంటుంది. గబ్బిలంలాగే టిక్కుటిక్కుమని శబ్దం వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చేప ఎక్కడుందో పోల్చుకుంటుంది.

నేను ముప్ఫై ఏళ్లు సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేశాను. ఆ మోతకు చెవులు పోతాయని మాకు ఇయర్‌మఫ్‌లు ఇచ్చేవారు. ఓడ రేకుకు అవతల కూడా చెవులు ఉంటాయన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ఓడ చప్పుడంటే ఇంజినే అనుకుంటారు గానీ, నీళ్లలోకి పోయే మోతలో ఎక్కువ భాగం ప్రొపెల్లర్‌ది. రెక్కలు జోరుగా తిరిగేటప్పుడు వాటి వెనక ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు నీళ్లు చల్లగా ఉండగానే మరిగినట్టు బుడగలు కడతాయి. వెంటనే చితికిపోతాయి. ఒక్కో బుడగ చితికినప్పుడు ఒక్కో దెబ్బ. దీన్ని క్యావిటేషన్ అంటాం. డ్రై డాక్‌లో ఓడను నీళ్లలోంచి తీసినప్పుడు ప్రొపెల్లర్ రెక్క మీద చెయ్యి పెట్టి చూశాను. అంత గట్టి లోహం మీద చెదలు తిన్నట్టు గుంటలు. ఆ గుంటలు చేసింది ఈ బుడగలే. లోహాన్నే కొరికేసే బుడగల చప్పుడు చెవిని ఏం చేస్తుందో ఆలోచించండి.

ఆర్కిటిక్‌లో ఇంకో చిక్కుంది. అక్కడ అన్నిటికంటే చల్లటి నీళ్లు పైనే ఉంటాయి. శబ్దం చల్లటి నీటి వైపు వంగుతుంది కాబట్టి ఓడ చప్పుడు లోతుకు దిగిపోకుండా, తిమింగలాలు ఊపిరికి వచ్చే పైపొరలోనే దూరం దాకా పోతుంది. 1980ల్లో కెనడా ఉత్తరాన లాంకాస్టర్ సౌండ్ అనే జలసంధిలో మంచు పగలగొట్టే ఓడ వస్తుంటే శాస్త్రవేత్తలు గమనించారు. ఓడ ఇంకా 35 నుంచి 50 కిలోమీటర్ల దూరంలో ఉండగానే తెల్లటి బెలూగా తిమింగలాలు పారిపోవడం మొదలుపెట్టాయి. కొన్ని 80 కిలోమీటర్ల దాకా పోయాయి. నార్వాల్‌లు పారిపోలేదు. కిక్కురుమనకుండా ఉన్నచోటే బిగుసుకుపోయాయి. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. పారిపోయినదాని భయం మనకు కనపడుతుంది. కదలకుండా ఉన్నదాన్ని చూసి బాగానే ఉందనుకుంటాం. ఈమధ్య తూర్పు గ్రీన్‌లాండ్‌లో వాటి ఒంటికి పరికరాలు కట్టి చూస్తే, ఓడ చప్పుడు తగిలినప్పుడు నార్వాల్‌లు వేట శబ్దాలు తగ్గించేశాయని తేలింది. అంటే అంతసేపూ పస్తే.

మంచు కరుగుతున్నకొద్దీ దారులు తెరుచుకుంటున్నాయి, ఓడలు పెరుగుతున్నాయి. ఆర్కిటిక్ దేశాల మండలి లెక్క ప్రకారం 2013 నుంచి 2019 లోపే అక్కడి నీళ్లలో ఓడల మోత రెట్టింపయింది. కెనడాలోని బాఫిన్ దీవిలో మేరీ రివర్ ఇనుప ఖనిజం గని ఉంది. ఆ ఖనిజం ఓడలు నార్వాల్‌లు ఏటా వేసవికి చేరే ఎక్లిప్స్ సౌండ్ అనే జలమార్గం గుండానే పోవాలి. నార్వాల్‌లు పక్కనున్న సముద్రపు పాయలకు పోతూ వస్తూ ఉంటాయి కాబట్టి వాటిని లెక్కపెట్టడం తేలిక కాదు. కానీ అక్కడి పాండ్ ఇన్‌లెట్ ఊళ్లో ఇన్యుయిట్ అనే ఆదివాసీ వేటగాళ్లు అవి తగ్గిపోతున్నాయని మొత్తుకుంటూనే వచ్చారు. ఓడల్లో పంపే ఖనిజాన్ని ఏడాదికి 60 లక్షల టన్నుల నుంచి 1.2 కోట్ల టన్నులకు పెంచుతామన్న ప్రతిపాదనను 2022లో కెనడా ప్రభుత్వం తిరస్కరించింది. చాలా మంచి పని చేశారు.

గ్రీన్‌లాండ్ వాయవ్యాన కానాక్ ప్రాంతపు వేటగాళ్లకు ఇదంతా ఎవరూ నేర్పనక్కర్లేదు. నార్వాల్ వేటకు వాళ్లు ఇప్పటికీ కయాక్ అనే సన్నటి పడవలోనే వెళ్తారు. నార్వాల్‌లు చేరే అక్కడి ఫియోర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, వేటకు మోటారు పడవ వాడకూడదని వాళ్ల కట్టుబాటు.

ప్లాస్టిక్ నీళ్లలో పడితే తరాల తరబడి ఉంటుంది. చప్పుడు అలా కాదు, ఆపితే ఆగిపోతుంది. 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద దాడులు జరిగాక కొద్ది రోజులు కెనడా తూర్పు తీరాన బే ఆఫ్ ఫండీలో ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. ఆ రోజుల్లోనే కొందరు వేరే పనిమీద రైట్ అనే జాతి తిమింగలాల పేడ సేకరిస్తున్నారు. తర్వాత పరీక్షిస్తే ఆ కొద్ది రోజుల్లో వాటి ఒంట్లో టెన్షన్ హార్మోన్లు తగ్గాయని తేలింది. నీళ్లలో మోత తగ్గింది 6 డెసిబెల్స్, అంటే దాని శక్తి నాలుగో వంతుకు పడిపోయింది! అప్పటిదాకా అవి ఎంత టెన్షన్‌తో బతుకుతున్నాయో ఎవరికీ తెలియదు. ఓడ నెమ్మదిగా నడిస్తే చాలావరకు బుడగలు తగ్గుతాయి, మోతా తగ్గుతుంది. డీజిల్ కూడా మిగులుతుంది. ఇది ఇంజిన్ పనిచేసినవాడిగా చెబుతున్న మాట.

2007లో అలాస్కా దగ్గర పట్టుబడిన ఒక బౌహెడ్ తిమింగలం భుజంలో 19వ శతాబ్దం చివర్లో తయారైన వేట ఆయుధం ముక్క దొరికింది. ఈ జాతి రెండు వందల ఏళ్లు కూడా బతకగలదు. అంటే ఇంజిన్ ఓడ ఒక్కటీ రాని ఆర్కిటిక్‌ను విన్నవి ఇంకా అక్కడ తిరుగుతూ ఉండొచ్చు. గ్రీన్‌లాండ్‌కూ స్వాల్‌బార్డ్ దీవులకూ మధ్య ఫ్రామ్ జలసంధిలో, మంచు కింద, ఇవి చలికాలమంతా పాడతాయి. మూడేళ్ల రికార్డింగుల్లో 184 రకాల పాటలు విడదీశారు.

దసరాకు వచ్చినప్పుడు వాటిలో ఒకటి వినిపిస్తాను. రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్యాన్ కూడా ఆపేసి విందాం.

మీ తాతయ్య