ఉక్రేనియన్ వార్త చదివే ముందు తేదీ ఎందుకు చూడాలి?

వార్తలు చదివి ఉక్రేనియన్ నేర్చుకునేవారు ముందుగా తేదీ చూడాలి. 1930, 1975, 2021 నాటి పత్రికలను పక్కపక్కన పెడితే అక్షరక్రమమే కాదు, కొన్ని విభక్తి ప్రత్యయాలూ తేడాగా కనిపిస్తాయి. పాఠకుడు దీన్ని తన పొరపాటు అనుకుంటాడు. నిజానికి అదంతా రాజకీయ చరిత్ర.

పశ్చిమ ఉక్రెయిన్‌లోని లవీవ్‌లో ‘జోర్యా హాలిత్స్కా’ పత్రిక 1848లోనే వచ్చింది, ఎందుకంటే ఆ ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉండేది. రష్యా సామ్రాజ్యంలో కథ వేరు. 1863 నాటి వాలుయెవ్ సర్క్యులర్, 1876 నాటి ఎమ్స్ ఉత్తర్వు ఉక్రేనియన్ ముద్రణ గొంతు నొక్కాయి. 1905 విప్లవం తర్వాతే అక్కడ పత్రికలు ఊపిరి పోసుకున్నాయి. కీవ్ దినపత్రిక ‘రాడా’ 1906 నుంచి 1914 దాకా నడిచింది. అలా పడమటి పత్రికల భాష ఒక దారిలో, తూర్పు పత్రికల భాష మరో దారిలో పెరిగాయి.

ఈ రెంటినీ కలిపే ప్రయత్నం 1927లో ఖార్కివ్ సదస్సులో జరిగింది. మరుసటి ఏడాది ఆమోదం పొందిన లిపి నియమాలకు సోవియట్ ఉక్రెయిన్ విద్యా కమిసార్ (మంత్రి) మికోలా స్క్రిప్నిక్ పేరే నిలిచింది. 1933లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది ఆ నియమాలను తొలగించి, రష్యన్‌కు దగ్గరగా ఉండే కొత్తవి తెచ్చారు. ‘గ’ ధ్వనికున్న అక్షరాన్నే తీసేశారు. దాంతో ‘హ్రాతి’ (ఆడడం), ‘గ్రాతి’ (జైలు ఊచలు) అచ్చులో ఒకేలా కనిపించాయి. ఆ అక్షరం 1990లో గానీ తిరిగి రాలేదు. ప్రవాస పత్రికలు మాత్రం చాలాకాలం పాత పద్ధతినే పట్టుకుని ఉన్నాయి.

ఇప్పటి నియమాలు 2019 జూన్ 3న అమల్లోకి వచ్చాయి. ‘ప్రొఎక్త్’ (ప్రాజెక్టు) బదులు ‘ప్రొయెక్త్’ తప్పనిసరి అయింది. ‘ఎఫిర్’, ‘ఎతెర్’ (ప్రసారం) రెండూ ఒప్పే. ఉక్రెయిన్ టీవీ ఛానల్ ఎస్‌టీబీ వార్తలు ఇలాంటి రూపాలను అంతకుముందే వాడేవి. అందువల్ల పాత వీడియోలో అవి వినిపించాయని తప్పు అనుకోకూడదు.

చదవడానికి 2019 జూన్ 3 తర్వాతి వార్త, 120–150 మాటలకు మించనిది చాలు. మొదట శీర్షికను విడదీయాలి. ఉక్రేనియన్ శీర్షికల్లో -నొ, -తొ తో ముగిసే రూపాలు ఎక్కువ. ‘జత్రిమనొ ద్వొఖ్’ అంటే ‘ఇద్దరిని అదుపులోకి తీసుకున్నారు’. కర్త కనిపించదు, కర్మకు ద్వితీయా విభక్తి వస్తుంది. తెలుగు వార్త కూడా ఇలాగే రాస్తాం కాబట్టి మనవారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఇంగ్లీషు కర్మణి వాక్యంలా చూస్తే మాత్రం కర్మను ప్రథమా విభక్తిలో పెట్టేస్తారు. ‘పోలీసుల చేత’ అని తృతీయ చేర్చినా శైలీ సంపాదకులు కొట్టేస్తారు.

ఇంటర్వ్యూలను రెండో దశకు వదిలేయడం మేలు. కోట్ చేసిన మాటల్లో రష్యన్ కలిసిన ‘సుర్జిక్’ ఉండవచ్చు. 2022కు ముందు అక్కడ ఇంగ్లీషు మాధ్యమంలో వైద్యం చదివిన తెలుగు విద్యార్థులకు మాట ఊరిని బట్టి మారడం తెలిసిందే: తూర్పున ఖార్కివ్ వార్డుల్లో రోగులు ఎక్కువగా రష్యన్‌లో మాట్లాడేవారు, పడమట తెర్నోపిల్‌లో ఉక్రేనియన్‌లో.

మరో చిక్కు అనువాదాలది. 2019 భాషా చట్టం ప్రకారం దేశవ్యాప్త పత్రికలకు 2022 జనవరి నుంచి, వెబ్‌సైట్లకు అదే ఏడాది జులై నుంచి ఉక్రేనియన్ ప్రతి తప్పనిసరి అయింది. రష్యన్‌లో రాసి హడావుడిగా మార్చిన వార్తల్లో ‘పాల్గొను’కు ‘బ్రాతి ఉచాస్త్’ బదులు ‘ప్రియ్‌మాతి ఉచాస్త్’ వంటివి దొర్లుతాయి. అనుమానం వస్తే ‘గ్రాక్’ కార్పస్‌లో వెతకాలి. వంద కోట్లకు పైగా పదాలున్న ఆ భాండారంలో ఒక ప్రయోగం ఏ సంవత్సరాల్లో, ఏ ప్రాంతంలో వచ్చిందో చూడవచ్చు.

అచ్చులో స్వరాఘాతం గుర్తు ఉండదు. ‘జమొక్’లో మొదటి అక్షరాన్ని ఒత్తితే కోట, రెండోదాన్ని ఒత్తితే తాళం. అందుకే రేడియో కావాలి. ఉక్రేనియన్ రేడియో 2000 నుంచి ఏటా జాతీయ ఐక్యతా డిక్టేషన్ (శ్రోతలు విని రాసుకునే పాఠం) చదువుతోంది. మొదట్లో నవంబర్ 9 పరిసరాల్లో, 2023 నుంచి అక్టోబర్ చివర్లో. పాత రికార్డింగును ఒక్కో వాక్యం ఆపి రాసుకోవాలి, తర్వాత విడుదల చేసిన పాఠంతో పోల్చి ఒత్తులు గుర్తించాలి. విరామచిహ్నాల తప్పులు అప్పుడే పట్టించుకోనక్కర్లేదు. అవి స్థానికులనూ ముప్పుతిప్పలు పెడతాయి.