పాత ఆర్‌ఎక్స్ 100: పొగగొట్టం పొడవు, ఘాట్ రోడ్డు ఎత్తు

విశాఖ బీచ్ రోడ్డులో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి చెవులు చిల్లులు పడేలా దూసుకుపోతే, దానిని గట్టిగా ట్యూన్ చేయించారని చూసేవారు అనుకుంటారు. సైలెన్సర్ లోపలి జాలీ పీకేసినా అంత మోతా వస్తుంది, శక్తి మాత్రం రాదు. 50 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం), అంతే స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) గల ఆ 98 సీసీల టూ స్ట్రోక్ ఇంజిన్ 7500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద 11 హార్స్‌పవర్ ఇచ్చేది. దానిని పెంచే కిటుకు చాలావరకు పొగగొట్టం ఆకారంలోనే ఉంది.

ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్టుకు వాల్వు ఉండదు, సిలిండర్ గోడలో పోర్టు అనే రంధ్రమే ఉంటుంది కనుక, కాలిన పొగ ఇంకా బయటికి పోతుండగానే పెట్రోలు, గాలి కలిసిన కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది, అందులో కొంత పొగ వెంటే జారిపోతుంది. నడుమ ఉబ్బి చివర సన్నబడే గొట్టాన్ని బిగిస్తే, పొగతో బయలుదేరిన పీడన తరంగం ఆ సన్నని చోట తగిలి వెనుదిరిగి, జారిపోబోతున్న మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోగా సిలిండర్‌లోకి నెడుతుంది. తూర్పు జర్మనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్ ఈ విద్యతోనే 1961లో ఎంజెడ్ కంపెనీ 125 సీసీ రేసు ఇంజిన్ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు.

7500 ఆర్‌పీఎం వద్ద ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లు పడుతుంది. పోర్టు సుమారు సగం చుట్టు తెరిచి ఉంటుంది కాబట్టి తరంగానికి గడువు 4 మిల్లీసెకన్లే. వేడి పొగలో ధ్వని సెకనుకు 500 మీటర్లు పోతుందనుకుంటే రానూపోనూ 2 మీటర్లు, అంటే గొట్టం మీటరు పొడవుండాలి. 10,000 ఆర్‌పీఎం కావాలంటే 75 సెంటీమీటర్లకు కుదించాలి. అయితే ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు పొట్టి గొట్టంలోని తరంగం వేళ కాని వేళ తిరిగొచ్చి మేలు చేయకుండా పోతుంది. రేసులో గేర్లు మారుస్తూ ఇంజిన్‌ను ఆ ఇరుకైన పరిధిలోనే ఉంచవచ్చు గానీ, జగదాంబ కూడలి రద్దీలోనో, వెనుక మనిషిని ఎక్కించుకుని అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడో అది కుదరదు. పోర్టును పైకి అరగదీయడమూ ఇలాంటిదే, ఎక్కువ ఆర్‌పీఎంలోనే పనికొస్తుంది. పైగా ఆకురాయి తిన్న లోహం తిరిగి రాదు. రోడ్డు బండికైతే నేను దాని జోలికి పోను.

గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ సంగతి వేరు, అందులో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రపు జెట్ తప్పితే మళ్లీ మార్చుకోవచ్చు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో గాలి సాంద్రత సముద్రతీరంలో కన్నా 8 శాతం తక్కువ. జెట్ గుండా వచ్చే పెట్రోలు పీడన వ్యత్యాసపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి అది 4 శాతమే తగ్గుతుంది. అందుకే విశాఖలో సరిచేసిన బండి పైన కాస్త రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) నడిచి ప్లగ్గు నల్లబడుతుంది. దానికి విరుగుడని అరకులో చిన్న జెట్ వేసి, అదే జెట్‌తో కిందికి దిగి బీచ్ రోడ్డులో నిండుగా థ్రాటిల్ తిప్పితే మిశ్రమం లీన్ అవుతుంది, అంటే పెట్రోలు తక్కువవుతుంది. అప్పుడు పిస్టన్ తల వేడెక్కడమే కాక, లోపలి భాగాలను చల్లబరిచే పెట్రోలు ఆవిరి కూడా తగ్గి, పిస్టన్ వ్యాకోచించి బోరును పట్టేస్తుంది. నల్లబడిన ప్లగ్గును తుడిస్తే సరిపోతుంది, పట్టేసిన బోరుకు మాత్రం రీబోరింగు (సిలిండర్‌ను మళ్లీ తొలిపించడం) తప్పదు.