ఛాత్రోపాధ్యాయుల తొలి వారాలు: అపోహలు – వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు ఏటా బీఎడ్ విద్యార్థులు బోధనాభ్యాసానికి వస్తుంటారు. వీరినే ఛాత్రోపాధ్యాయులు అంటాం. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సులో మొత్తం 20 వారాలు, అంటే మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు వారు బడిలో గడపాలి. గణిత ఉపాధ్యాయుడిగా నా తరగతిని వారికి అప్పగించి, వెనుక బెంచీలో కూర్చుని గమనిస్తుంటాను. వారిలో చాలామంది తొలి వారంలోనే డీలాపడిపోవడానికి కారణం చేతకానితనం కాదని, బడిలో అడుగుపెట్టకముందే మనసులో నాటుకున్న కొన్ని అపోహలని నా అభిప్రాయం.

అపోహ: పిల్లలందరూ “అర్థమైంది” అన్నారంటే పాఠం అర్థమైనట్టే.

వాస్తవం: ఆ మాట పిల్లలకు అలవాటుగా వచ్చేది, దాన్నిబట్టి ఏమీ తేల్చలేము. ఏడో తరగతిలో పూర్ణసంఖ్యల పాఠం చెప్పిన ఒక ఛాత్రోపాధ్యాయురాలికి తరగతి మొత్తం ముక్తకంఠంతో అలాగే జవాబిచ్చింది. ఆమె అక్కడితో ఆగకుండా బెంచీల మధ్య తిరిగి నోటు పుస్తకాలు చూస్తే, −3 − 5 అన్న లెక్కకు చాలామంది 8 అని రాసి ఉన్నారు. ఎట్లా వచ్చిందని ఒక పిల్లవాణ్ని అడిగితే, “మైనస్సూ మైనస్సూ ప్లస్సే కదా మేడమ్” అన్నాడు. రెండు రుణ సంఖ్యలను గుణించినప్పుడు వర్తించే సూత్రాన్ని, ఎందుకో తెలియకుండా బట్టీపట్టినందువల్ల, వాడు ఈ లెక్కలోకి తెచ్చిపెట్టుకున్నాడు. ఆమె కోప్పడలేదు, సూత్రాన్ని మళ్లీ వల్లించనూ లేదు. “అంగట్లో మూడు రూపాయలు బాకీ పెట్టినావు. మళ్లీ పోయి ఇంకో ఐదు రూపాయలు బాకీ పెట్టినావు. ఇప్పుడు నీ చేతిలో ఎనిమిది రూపాయలు ఉన్నట్టా, నువ్వే ఎనిమిది ఇయ్యాల్నా?” అని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, జవాబు కొట్టేసి −8 అని రాశాడు. తప్పు జవాబు వెనుక పిల్లవాడు చేసిన ఆలోచనను రాబట్టడమే ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని, తొలి వారాల్లోనే అలవరచుకోవలసిన పని.

ఇందుకు కొంత ఓపిక కావాలి. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు మరింత వివరంగా వస్తాయనీ అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపారు. కొత్తగా వచ్చినవారికి ఆ మూడు సెకన్లు ఒక యుగంలా తోస్తాయి కాబట్టి, తామే జవాబు చెప్పేస్తారు.

అపోహ: బెత్తం పట్టుకోకపోతే కొత్తవారి మాట పిల్లలు వినరు.

వాస్తవం: 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం సంగతి అటుంచితే, మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లో అల్లరి పెరిగేది సాధారణంగా ఉపాధ్యాయుడు పిల్లలకు వీపు పెట్టి బోర్డు నిండా రాస్తున్నప్పుడే. ప్రతి ఒక్కరి చేతికీ వెంటనే ఒక పని ఇచ్చి, పేరు పెట్టి పిలవగలిగితే సగం గొడవ సద్దుమణుగుతుంది. హాజరుపట్టీ చూసి పేర్లు నేర్చుకోవడం అందుకే తొలి రోజు పనుల్లో ముఖ్యమైనది.

అపోహ: పాఠ్యపథకం (లెసన్ ప్లాన్) కాలేజీలో చూపించే రికార్డు కోసమే.

వాస్తవం: సీనియర్ల రికార్డు చూసి ఎత్తిరాస్తే అది నిజమే అవుతుంది. పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే ఊహించి, అక్కడ వేయవలసిన ప్రశ్నను రాసుకుంటే మాత్రం అది తరగతిలో అక్కరకొస్తుంది.

అపోహ: నోరు విప్పని పిల్లలకు పాఠం రాదు.

వాస్తవం: ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇది మరీ పొరపాటు. నగరి వైపు ఎంతోమంది పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు. కుప్పం, పలమనేరు వైపు తమిళంతోపాటు కన్నడమూ వినిపిస్తుంది. వారు బడిలో తెలుగు వింటారు, పరీక్షలో ఇంగ్లీషు చదువుతారు. పాఠ్యపుస్తకంలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉంటాయి కనుక రెండింటినీ పక్కపక్కనే తెరిపించి, పిల్లవాడిని ముందు తనకు వచ్చిన భాషలోనే లెక్క చెప్పనివ్వాలి. ఆ తర్వాతే పారిభాషిక పదాన్ని బోర్డు మీద రాయాలి.